కుక్కపిల్ల టీకాకు ఏ ఆసుపత్రి?

ప్రశ్న: మా ల్యాబ్రడార్ పిల్లకు రెండు నెలలు. పక్క వీధి క్లినిక్‌లో టీకా చవక, పెద్దాసుపత్రిలో రెట్టింపు. ఎక్కడ వేయించమంటారు? – పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ధర సంగతి తర్వాత, ముందు ఫ్రిజ్ చూడండమ్మా. టీకాలు 2–8 డిగ్రీల్లో ఉండాలి. వేడెక్కితే పార్వో, డిస్టెంపర్ (కుక్కపిల్లల ప్రాణం తీసే వైరస్ జబ్బులు) టీకాలోని బలహీనపరిచిన సజీవ వైరస్ చచ్చిపోతుంది. గడ్డకడితే రేబిస్ టీకా పాడవుతుంది. కరెంటు పోతే ఏం చేస్తారో మొహమాటపడకుండా అడగండి. సీసా మీ ఎదుటే తెరిచి, పొడిలో ద్రవం కలిపి వెంటనే వేయాలి. బ్యాచ్ నంబరున్న స్టిక్కర్ కార్డులో అంటించాలి. జ్వరం చూడకుండా సూది పట్టుకునే చోట అసలొద్దు. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు తొలి డోసును అడ్డుకుంటాయి కనుక 16 వారాలు నిండేదాకా 3–4 వారాలకోటి పడాలి. ‘ఒక్కటి చాలు’ అంటే లేచి వచ్చేయండి. రేబిస్ టీకా మూడు నెలలకు. జులై 6న జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినోత్సవానికి ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఉచితంగానే వేస్తుంటారు.