రిజైన్ లెటర్ రాసిమ్మంటున్నారు, రాసివ్వనా?

ప్రశ్న: సార్, మాది హిందూపురం పక్కన ఊరు. బెంగళూరు పీణ్యాలో ఒక మెషిన్ షాపులో 11 ఏళ్లుగా సీఎన్‌సీ ఆపరేటర్ని, పర్మనెంటే, జీతం 24,000. ఇంజన్ పార్ట్స్ ఆర్డర్లు పడిపోయాయి, రీస్ట్రక్చరింగ్ అని నలభై మందిని పంపించేస్తున్నారు. సొంత ఇష్టంతో మానేస్తున్నట్టు రాసిస్తే రెండు నెలల జీతం ఇస్తాం, లేదంటే నీ రికార్డు పాడవుతుంది అంటున్నాడు హెచ్ఆర్. సోమవారం లోపు చెప్పాలంట. పేరు వెయ్యొద్దు సార్.

జవాబు: రాసివ్వొద్దు తమ్ముడూ. ముందు లెక్క చూడు. వాళ్లు తీసేస్తే అది రిట్రెంచ్‌మెంట్, అప్పుడు నెల నోటీసో నెల జీతమో ఇవ్వాలి, దానిపైన, నువ్వు పనిచేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల జీతం, నీకు సుమారు 12,000 చొప్పున 11 ఏళ్లకి 1,32,000. వాళ్లిస్తామనేది 48,000. నీ అంతట నువ్వే మానేస్తున్నా అని సంతకం పెట్టావా, ఇక రిట్రెంచ్‌మెంటే జరగనట్టు, ఆ డబ్బు రాబట్టడం చాలా కష్టం. అందుకే హెచ్ఆర్ వాళ్లు కూర్చోబెట్టి టీ ఇప్పించి మరీ మాట్లాడతారు!

గ్రాట్యుటీకి, అంటే ఏళ్ల సర్వీసుకి కంపెనీ ఇచ్చే డబ్బుకి, దీంతో సంబంధం లేదు, ఐదేళ్లు దాటింది కాబట్టి మానేసినా తీసేసినా వస్తుంది. బేసిక్, డీఏ కలిపి 13,000 అనుకో, 26తో భాగించి 15తో, 11తో గుణిస్తే 82,500. కొందరు దీన్ని కూడా ప్యాకేజీలో కలిపేసి తామేదో దానం చేస్తున్నట్టు చూపిస్తారు, జాగ్రత్త.

2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్ వచ్చింది. ఇదివరకు 100 మంది ఉన్న ఫ్యాక్టరీకే తీసేయడానికి సర్కారు పర్మిషన్ కావాలి, ఇప్పుడు 300 మందో అంతకన్నా ఎక్కువో ఉంటేనే, కాబట్టి మీ షాపు చిన్నదైతే ఆ అడ్డు లేదు. నష్టపరిహారం మాత్రం పోలేదు, పైగా రీస్కిల్లింగ్ (కొత్త పని నేర్చుకోవడానికి) ఫండ్ అని ఇంకో 15 రోజుల జీతం 45 రోజుల్లో నీ అకౌంట్లో పడాలి. మామూలుగా ఒకే పని చేసేవాళ్లలో ఆఖరున చేరినవాణ్ని ముందు తియ్యాలి. నీ వెనక చేరినోళ్లు ఉండిపోతుంటే కారణం రాసిమ్మను.

రికార్డు పాడవుద్దన్న మాటనీ రాసిమ్మను చూద్దాం, ఇవ్వరు. సోమవారం లోపే 'నన్ను రిజైన్ చెయ్యమన్నారు, నాకిష్టం లేదు' అని మెయిల్ పెట్టు. అపాయింట్‌మెంట్ లెటరు, పే స్లిప్పులు, పీఎఫ్ పాస్‌బుక్ ఇప్పుడే ఫోన్లో ఫోటో తీసుకో, గేటు పాస్ లాక్కున్నాక దొరకవు. ఆ నలభై మందీ కలిసి బన్నేరుఘట్ట రోడ్డులో లేబర్ డిపార్ట్‌మెంట్ ఆఫీసు, కార్మిక భవన్‌కి వెళ్లండి, అర్జీ కన్నడలో రాసేవాణ్ని ఒకణ్ని వెంట పెట్టుకోండి.

ఆఫరు పెంచి పైన చెప్పినవన్నీ దాటించి ఇస్తామంటే ఆలోచించొచ్చు, కానీ ఏది దేనికో విడివిడిగా లెటర్లో రాయించుకున్నాకే సంతకం.