టెక్ సందేహాలు: ఇంజన్ బరువుకు ఊగుతున్న ఫైబర్ బోటు

ప్రశ్న: మాది జమ్మలమడుగు. గండికోట జలాశయంలో తిప్పడానికి పాత ఫైబర్‌గ్లాస్ బోటును కోస్తా నుంచి సెకండ్ హ్యాండ్‌లో తెచ్చుకున్నాం. వేగం పెంచితే ఔట్‌బోర్డ్ ఇంజన్ బిగించిన వెనక పలక ఊగుతోంది. మూలల్లో సన్నటి పగుళ్లు. పైన రెండు పొరలు మ్యాట్ (గాజు నారల పరుపు) వేస్తే చాలంటున్నారు. లోపల చెక్క సంగతి ఫోన్ యాప్‌తో తెలుస్తుందా?

జవాబు: తెలియదు. ఫోన్‌లో చెక్క తేమ కొలిచే సెన్సర్ ఉండదు. ఓటీజీ కేబుల్‌తో ఫోన్‌కు తగిలించే ఎండోస్కోప్ కెమెరా (సన్నటి వైరు చివర ఉండే కెమెరా) కొంటే డెక్ కింద, ట్రాన్సమ్ అడుగు భాగం ఎలా ఉందో చూడొచ్చు. ఆ వెనక పలక పేరే ట్రాన్సమ్. పాత బోట్లలో అది సాధారణంగా రెండు ఫైబర్ పొరల మధ్య ప్లైవుడ్. బోల్టు రంధ్రాల్లోంచి నీరు దిగితే ప్లైవుడ్ కుళ్లుతుంది, పైపొర మాత్రం బాగానే కనిపిస్తుంది.

కెమెరా కన్నా డ్రిల్ నమ్మకం. ముందు ప్లాస్టిక్ సుత్తితో తట్టి, మొద్దు శబ్దం వచ్చే చోట లోపలివైపు నుంచి చిన్న రంధ్రం వేయండి. ఎదుటి పొరను తాకకుండా ఆపాలి. పొట్టు పొడిగా, లేత రంగులో వస్తే సంతోషం. తడిగా, నల్లగా వస్తే కుళ్లినట్టే. పరీక్ష రంధ్రాలను తర్వాత ఎపాక్సీతో (హార్డ్‌నర్ కలిపితే గట్టిపడే రెజిన్ జిగురు) మూసేయండి.

మీరు చెప్పిన లక్షణాలను బట్టి కుళ్లే ఉంటుంది. అలాంటి చెక్క మీద మ్యాట్ వేయడం దండగ. లోపలి తడికి దారి మూసేసినట్టవుతుంది తప్ప బలం రాదు. ఇంజన్ దించి, లోపలి ఫైబర్ పొరను అంచుల దగ్గర రెండు మూడు అంగుళాలు వదిలి కోసి, పాడైన చెక్కంతా తవ్వి తీయాలి. బయటి పొర చెక్కుచెదరకుండా ఉంటే బోటు ఆకారం నిలుస్తుంది. ఐఎస్ 710 ముద్ర (మెరైన్ ప్లైవుడ్‌కు భారతీయ ప్రమాణం) ఉన్న మెరైన్ ప్లైవుడ్ తీసుకోండి. 19 మి.మీ. షీట్లు రెండు అతికిస్తే 38 మి.మీ. వస్తుంది, పాత మందంతో సరిచూసుకోండి. అతికించే ఎపాక్సీలో సిలికా పొడి కలిపి గారెల పిండిలా జారకుండా చేయాలి. పై పొరకు బైయాక్సియల్ గుడ్డ (రెండు దిశల్లో నారలు పరిచిన ఫైబర్‌గ్లాస్ గుడ్డ) వాడండి. దుకాణంలో దొరికే మామూలు మ్యాట్‌లోని జిగురు పాలియెస్టర్ రెజిన్‌లో కరిగేది, ఎపాక్సీతో సరిగా తడవదు.

ఖర్చు తగ్గించుకోవడానికి ఎపాక్సీ బదులు పాలియెస్టర్ రెజిన్ వైపే వెళ్తామంటే ఒక్కటి గుర్తుపెట్టుకోండి: అది గట్టిపడటానికి కలిపే కోబాల్ట్‌నూ (వేగం పెంచేది) క్యాటలిస్ట్‌నూ (గట్టిపడటం మొదలుపెట్టేది) నేరుగా కలపకూడదు, పేలుతుంది. ముందు కోబాల్ట్‌ను రెజిన్‌లో బాగా కలిపాకే క్యాటలిస్ట్. ఏ రెజిన్ అయినా గ్రైండర్ పట్టేటప్పుడు మాస్కు, కళ్లద్దాలు, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి.

మన కడప ఎండ ఇంకో తలనొప్పి. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఎపాక్సీ గట్టిపడే వేగం దాదాపు రెట్టింపవుతుంది. మే నెలలో డబ్బా నిండా కలిపితే చేతిలోనే పొగలు కక్కుతుంది. స్లో హార్డ్‌నర్ (నెమ్మదిగా గట్టిపడేలా చేసేది) తీసుకుని, కొద్దికొద్దిగా కలిపి వెడల్పాటి ట్రేలో పోసుకోండి. కొత్త చెక్కకు తొలి పూత సాయంత్రం వేయాలి. పొద్దున వేస్తే ఎండకు చెక్కలోని గాలి వ్యాకోచించి బుడగలు లేస్తాయి.

ఇంజన్ రంధ్రాలే అసలు శత్రువులు. బోల్టు కన్నా పెద్ద రంధ్రం వేసి, చిక్కటి ఎపాక్సీతో పూర్తిగా నింపి, గట్టిపడ్డాక మధ్యలో బోల్టు సైజుకు మళ్లీ డ్రిల్ చేయండి. అప్పుడు నీరు దిగినా చెక్కను తాకదు. అన్నట్టు, పాత టూ స్ట్రోక్ తీసి అదే హార్స్‌పవర్ ఫోర్ స్ట్రోక్ ఇంజన్ పెట్టే ఆలోచన ఉంటే ఆగండి, సాధారణంగా దాని బరువు ఎక్కువ. పని అయ్యేదాకా బోటును నీళ్లలోకి దించకండి. పలక ఊడితే ఇంజన్ పెన్నమ్మ పాలే.

ప్రశ్న: ఫిష్ ఫైండర్ (శబ్ద తరంగాలతో నీటి లోతు, చేపలు చూపే పరికరం) సెన్సర్‌ను ట్రాన్సమ్‌కు స్క్రూలతోనే బిగించాలా? (బద్వేలు)

జవాబు: అక్కర్లేదు. అడుగు భాగం ఫోమ్, చెక్క లేని గట్టి ఫైబర్ అయితే లోపలే ఎపాక్సీతో అతికించొచ్చు, బుడగ మాత్రం ఉండకూడదు. అతికించే ముందు నీళ్లు నింపిన ప్లాస్టిక్ సంచిపై సెన్సర్‌ను ఆనించి చూడండి. లోతు సరిగా చూపిస్తే అక్కడే పెట్టేయండి. నీటి ఉష్ణోగ్రత మాత్రం సరిగా చూపదు.