అత్తగారు వద్దంటున్నారు, నెగొంబో అక్కకు ఏమని రాయను?

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లా. కొన్నేళ్ళు కువైట్‌లో ఒక ఇంట్లో పనిచేసి వచ్చాను. అదే ఇంట్లో శ్రీలంక నెగొంబో నుంచి వచ్చిన ఒక అక్క వంట చేసేది. జ్వరమొస్తే నన్ను కన్నబిడ్డలా చూసుకుంది. 2019 ఈస్టర్ రోజున వాళ్ళ చర్చిలో బాంబు పేలి ఆమె చెల్లెలు చనిపోయింది. నేను ఫోన్ చేసి, “దేవుని చిత్తం అక్కా, ఏడవకు” అన్నాను. ఆమె ఫోన్ పెట్టేసింది. అప్పటినుంచి పండగ మెసేజ్‌లు తప్ప మాటల్లేవు. ఈ ఈస్టర్‌కి మా స్త్రీల కూడికలో ప్రార్థన చేసి, సంఘం తరఫున వాళ్ళ చర్చికి ఓదార్పు ఉత్తరం పంపుదామన్నాను. సంఘంలో మా అత్తగారి మాటే చెల్లుతుంది. “వాళ్ళు ఆర్‌సీఎం (రోమన్ క్యాథలిక్) వాళ్ళు. చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థన చేయడం వాక్యానికి విరోధం. అయినా ఇన్నేళ్ళ తర్వాత ఎందుకు?” అన్నారు. దాంతో మా ఇద్దరికీ మాటలు ఆగిపోయాయి. మా ఆయన ఎటూ చెప్పరు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయను?

జవాబు: సంఘం పేరుతో ఉత్తరం పంపాలంటే అత్తగారి మాట కావాలి. మీరు అక్కకు ఫోన్ చేయడానికి ఎవరి మాటా అక్కర్లేదమ్మా. ఆ పని ముందు చేయండి. ఉత్తరం సంగతి తేలాకే ఆమెతో మాట్లాడాలని ఆగారంటే ఈ ఏడూ అలాగే గడిచిపోతుంది.

మీరన్న మాటలో చెడు ఉద్దేశం లేదు. మన ఊళ్ళలో చావింటికి వెళ్ళిన ప్రతి ఒక్కరూ అనే మాటే అది. కానీ అక్క ఉన్న చోటు నుంచి ఒకసారి ఆలోచించండి. ఆ రోజు మూడు చర్చిల్లో, మూడు పెద్ద హోటళ్ళలో బాంబులు పేలి 260 మందికి పైగా చనిపోయారు. నెగొంబో కటువాపిటియలోని సెయింట్ సెబాస్టియన్ చర్చి ఒక్కదానిలోనే వందమందికి పైగా పోయారు. దాడులు జరగబోతున్నాయని భారత నిఘా సంస్థల నుంచి శ్రీలంకకు ముందే హెచ్చరికలు అందాయి. అక్కడి అధికారులు పట్టించుకోలేదు. 2023 జనవరిలో ఆ దేశ సుప్రీంకోర్టు ఇది నిర్లక్ష్యమేనని తేల్చి, దాడుల నాటి అధ్యక్షుడు మైత్రిపాల సిరిసేనతో సహా పలువురిని నష్టపరిహారం కట్టమంది. మనుషుల నిర్లక్ష్యం వల్ల చెల్లెల్ని పోగొట్టుకున్న మనిషికి “దేవుని చిత్తం” అంటే, తప్పు చేసినవాళ్ళను వదిలేయమన్నట్టు వినిపిస్తుంది. ఆమె ఫోన్ పెట్టేయడంలో వింతేం లేదు.

ఇప్పుడు “క్షమించెయ్ అక్కా” అని కూడా అనకండి. కొలంబో ఆర్చిబిషప్ కార్డినల్ మాల్కమ్ రంజిత్ దాడి చేసింది ఇస్లామిక్ తీవ్రవాదులైనా, ఆ రోజుల్లో మామూలు ముస్లింల మీద ఎవరూ ప్రతీకారానికి దిగవద్దని తన జనాన్ని ఆపారు. ఆ తర్వాత అసలు నిజం బయటపెట్టమని ఏళ్ళ తరబడి ప్రభుత్వాలను నిలదీస్తూనే ఉన్నారు. శాంతి కోరినా న్యాయం అడగడం మానలేదాయన. క్షమాపణ గురించి వాళ్ళకు మనం ఇక్కడి నుంచి చెప్పేదేమీ లేదు.

మరి ఏమనాలి? కువైట్‌లో మీరిద్దరూ మాట్లాడుకున్న ఆ అరబ్బీ హిందీ కలగలుపు భాషలోనే మాట్లాడండి. “అక్కా, అప్పుడు నేనన్న మాట నిన్ను బాధపెట్టింది. తప్పు నాదే. నీ చెల్లెలి గురించి చెప్పు, వింటాను.” ఇంతకు మించి వద్దు. క్షమాపణ సాగదీస్తే చివరికి ఆమే మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది. చెల్లెలి పేరు పెట్టి అడగండి. సంవత్సరాలు గడిచాక చనిపోయినవారి పేరు ఎత్తేవాళ్ళే ఉండరు. ఎత్తితే బాధపడతారని అందరూ తప్పుకుంటారు. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది చెప్పేది మాత్రం, ఎవరూ ఎత్తడం లేదన్న బాధ గురించే. “ఇన్నేళ్ళ తర్వాత ఎందుకు” అన్న మాటకు జవాబు కూడా ఇందులోనే ఉంది. ఇంకో సంగతి. ఈస్టర్ తేదీ ఏటా మారుతుంది, ఏప్రిల్ 21 మారదు. కాబట్టి ఆ ఇంట్లో వాళ్ళకు ఏడాదికి రెండుసార్లు ఆ రోజు వస్తుంది. రెండూ గుర్తుపెట్టుకోండి. పండగ పొద్దున్నే పూలు, సూర్యోదయం ఉన్న “హ్యాపీ ఈస్టర్” ఫార్వర్డ్ మాత్రం ఆమెకు పంపకండి.

ఇక అత్తగారి సంగతి. ఆవిడను మూర్ఖురాలని నేననను. చనిపోయినవారి కోసం ప్రార్థన చేయకపోవడం మీ సంఘం నమ్మకం, దాన్ని మార్చమని అడిగే హక్కు మీకూ నాకూ లేదు. అడగాల్సిన అవసరం కూడా లేదు. ఓదార్పు బతికున్నవాళ్ళకు. తల్లిని పోగొట్టుకున్న పిల్లల కోసం, గాయపడి బతికినవాళ్ళ కోసం ప్రార్థన చేయడానికి ఏ సిద్ధాంతమూ అడ్డు రాదు. ఏడ్చేవారితో ఏడవమన్న పౌలు, ముందు వాళ్ళది ఏ మిషనో కనుక్కోమనలేదు. (మన దగ్గర ఆర్‌సీఎం వాళ్ళ పెళ్ళికి వెళ్ళి బిర్యానీ తినడానికి లేని అభ్యంతరం, చావు దగ్గరికి వచ్చేసరికి ఎక్కడి నుంచి పుట్టుకొస్తుందో నాకు అర్థం కాదు. ఈ మాట ఆవిడతో అనకండి, గొడవ పెద్దదవుతుంది.)

ఆవిడకు బహుశా తెలియని సంగతి ఒకటి చెప్పండి. ఆ రోజు పేలిన మూడు చర్చిల్లో మూడోది క్యాథలిక్ చర్చి కాదు. తూర్పు తీరాన బట్టికలోవాలోని జియోన్ చర్చి ఇవాంజెలికల్ సంఘం, మీ సంఘం లాంటిదే. అక్కడ చనిపోయినవాళ్ళలో చాలామంది సండే స్కూల్ ముగించుకుని బయటికి వచ్చిన పిల్లలు. సండే స్కూల్ ఉన్న ఏ సంఘంలోనైనా ఈ మాటకు బరువు ఉంటుంది. వాదనలా కాకుండా, ఆవిడ ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పండి. “అత్తయ్యా, ఉత్తరం మీరే రాయించండి, రెండు చర్చిలకూ పంపుదాం” అనండి. ఎప్పటినుంచో పెద్దరికం చేస్తున్న మనిషికి కోడలు తెచ్చిన ఆలోచన మీద సంతకం పెట్టడం కష్టం. ఆలోచన తనదైతే ఆవిడే స్టాంపులు తెప్పిస్తారు. మీ ఆయన్ని మధ్యలోకి లాగకండి. తల్లి ముందు ఆయన నోరు తెరవరని మీకు ఇప్పటికే తెలుసు.

ఒప్పుకుంటే ఉత్తరం చిన్నదిగా రాయండి. మీరు ఎవరు, ఏ ఊరు, వాళ్ళను మరచిపోలేదని, గాయపడినవారి కోసం, పిల్లల కోసం ఫలానా రోజు ప్రార్థన చేస్తున్నామని. వచనాల జాబితా వద్దు, మీ సంఘం చరిత్ర వద్దు. ఇంగ్లిష్‌లోనో, రాసేవాళ్ళుంటే తమిళంలోనో పంపండి. నెగొంబో చర్చికి పంపేముందు అక్కను ఒక మాట అడగండి. కూడికలో ఆమె చెల్లెలి ఫోటో పెట్టడం, యూట్యూబ్ లైవ్‌లో ఆ కథ చెప్పడం ఆమె ఒప్పుకుంటేనే. పేలుడు వీడియోలు స్క్రీన్ మీద వేయడం అసలే వద్దు. కానుక పోగుచేసే ఆలోచన ఎవరైనా తెస్తే, ముందు ఓదార్పు చేరనివ్వండి అని చెప్పండి.

అత్తగారు ఒప్పుకోకపోతే ఆ విషయం అక్కడితో ఆపేయండి. కూడికలో ఇద్దరు ముగ్గురు మీతో ఉంటారు, మీ ఇంటి వరండాలో కాకపోతే వాళ్ళింట్లో కూర్చుని ప్రార్థన చేసుకోండి. సంఘాన్ని చీల్చేంత పని కాదిది. అత్తగారితో మాటలు మీరే మొదలుపెట్టండి, ఈ సంగతితో కాకుండా ఇంకేదైనా పనిమీద.

అక్క ఫోన్ ఎత్తకపోవచ్చు. అప్పుడు పైన రాసిన మాటలే వాయిస్ మెసేజ్‌గా పంపి ఊరుకోండి. టిక్కులు నీలంగా మారాయా అని గంటకోసారి చూడకండి. ఏప్రిల్ 21న చెల్లెలి పేరుతో మళ్ళీ ఒక మాట పంపండి, జవాబు ఇవ్వమని మాత్రం అడగకండి.