రెడ్ బారన్ కాకుండా ఇంకో జర్మన్ పైలట్ గురించి చదవాలంటే ఎవరి గురించి చదవాలి?

మొదటి ప్రపంచ యుద్ధం అనగానే అందరూ రెడ్ బారన్ దగ్గరే ఆగిపోతారు, ఇంకెవరూ లేరా అని అడిగారు. ఉన్నారు. ఆ రెడ్ బారన్‌కి పాఠం చెప్పినాయనే ఉన్నాడు, పేరు ఓస్వాల్డ్ బోల్కె.

నేను మాస్టర్స్ చదివింది జర్మనీలోని డెస్సావ్‌లో. ఆదివారం వస్తే షాపులన్నీ మూత, చేసే పని ఉండదు, అలా సైకిలేసుకుని తిరుగుతూ ఒకసారి యుద్ధంలో పోయిన సైనికుల శ్మశానంలోకి వెళ్లాను. ఒక సమాధి మీద ఈ పేరు చూసి మర్నాడు క్లాసులో ‘బోయెల్కె ఎవరు’ అని అడిగితే, పక్కన కూర్చునే జర్మన్ కుర్రాడు ముందు ఉచ్చారణ సరిచేసి, ఆ తర్వాత అరగంట క్లాసు పీకాడు. అక్కడ మొదలైంది నా పిచ్చి.

పుట్టింది 1891లో, హాలె పక్కన. నాన్న స్కూల్ టీచర్, ఆయన ఉద్యోగం వల్లే కుటుంబం డెస్సావ్‌కి వచ్చింది. పిల్లాడికి ఉబ్బసం, అయినా సైన్యం మోజు. ఇంట్లో చెప్పకుండా ఏకంగా చక్రవర్తికే ఉత్తరం రాసేశాడు! 13 ఏళ్లప్పుడు సైనిక పాఠశాలలో చేరడానికి అనుమతి కూడా వచ్చింది, అమ్మానాన్నలు మాత్రం ససేమిరా అన్నారు. (ముందు చదువు పూర్తి చెయ్యి, తర్వాత చూద్దాం అనే తల్లిదండ్రులు అన్ని దేశాల్లోనూ ఒకటే.) చదువయ్యాక 1911లో టెలిగ్రాఫ్ పటాలంలో చేరి, అక్కడి నుంచి విమానాల వైపు మళ్లాడు, పైలట్ పరీక్ష పాసయ్యేసరికి 1914 ఆగస్టు, యుద్ధం అప్పుడే మొదలైంది. మొదట్లో అన్న విల్హెల్మ్‌నే వెనక సీట్లో పరిశీలకుడిగా కూర్చోబెట్టుకుని శత్రు సేనలు ఎక్కడున్నాయో చూసి రావడం, అంతే పని.

1915లో ఫోకర్ విమానం వచ్చాక కథ మారింది. తిరిగే ప్రొపెల్లర్ రెక్కల మధ్య ఖాళీలోంచి తూటా వెళ్లేలా మెషిన్ గన్‌ని ఇంజిన్‌తో కలిపారు, అంటే పైలట్ విమానాన్ని ఎటు తిప్పితే తుపాకీ అటు తిరిగినట్టే. ఫ్రాన్స్‌లోని దువేలో బోల్కె, మాక్స్ ఇమ్మెల్మాన్ ఇద్దరూ పోటాపోటీగా ఎగిరేవాళ్లు, 1916 జనవరిలో ఇద్దరికీ ఒకే రోజు ‘బ్లూ మాక్స్’ (అప్పటి జర్మనీలోని పెద్ద రాజ్యం ప్రష్యా ఇచ్చే అత్యున్నత సైనిక పతకం) వచ్చింది. నాకు మాత్రం ఆ పతకం కన్నా దువేలోనే 1915 ఆగస్టులో జరిగిన సంగతి ఇష్టం. కాలవలో ఒక ఫ్రెంచ్ కుర్రాడు మునిగిపోతుంటే బోల్కె బట్టలతోనే దూకి బయటికి లాగాడు. ఆక్రమించిన ఊళ్లో, శత్రు దేశపు పిల్లాడు. వాళ్ల అమ్మానాన్నలు ఈయనకి ఫ్రాన్స్ పతకం ఇప్పించాలని చూశారట, అది అయ్యే పనా! చివరికి ప్రాణం కాపాడినందుకు ఇచ్చే ప్రష్యా పతకం వచ్చింది.

రెడ్ బారన్, అంటే మాన్‌ఫ్రెడ్ ఫాన్ రిష్టోఫెన్, ఈయన్ని మొదట కలిసింది రైల్లో, భోజనాల పెట్టెలో. అసలు మీరు ఎలా కూలుస్తారండీ అని అడిగితే, దగ్గరికంటా వెళ్లి గురి చూసి కాలుస్తా, అది పడిపోతుంది అన్నాడట. ఇదేం సమాధానం అనిపిస్తుంది, నిజానికి అందులోనే అంతా ఉంది. 1916 జూన్‌లో ఇమ్మెల్మాన్ చనిపోయాక, ఈయన కూడా పోతే ఎలాగన్న భయంతో చక్రవర్తి ఎగరనివ్వలేదు, టర్కీ, బాల్కన్ల వైపు పర్యటనకి పంపారు. బయల్దేరే ముందే వైమానిక పోరాటానికి ఎనిమిది సూత్రాలు రాసిచ్చాడు: సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకో, మొదలుపెట్టిన దాడి మధ్యలో వదలకు, శత్రువుల యుద్ధరేఖ దాటాక తిరిగొచ్చే దారి మర్చిపోకు (అభిమన్యుడికి ఎవరూ చెప్పని మాట ఇదే), ఒకే విమానం మీదికి ఇద్దరు ముగ్గురు ఎగబడకండి, ఇలాంటివి. తిరిగొస్తూ తూర్పు రంగంలో రిష్టోఫెన్‌ని, ఎర్విన్ బ్యోమెని తన కొత్త దళం యాస్టా 2 కోసం ఏరుకున్నాడు. ఆ దళంతో సెప్టెంబర్ 2 నుంచి అక్టోబర్ 26 లోపు 21 విమానాలు కూల్చాడు, మొత్తం 40. ఈ దళంతో మొదట కూల్చిన బ్రిటిష్ పైలట్‌ని మర్నాడు మెస్‌కి పిలిచి కాఫీ ఇచ్చి, తన ఎయిర్‌ఫీల్డ్ చూపించాడు.

1916 అక్టోబర్ 28. ఆయన, బ్యోమె ఒకే బ్రిటిష్ విమానం వెంట పడ్డారు. రిష్టోఫెన్ తరుముతున్న ఇంకో బ్రిటిష్ విమానం అడ్డంగా వచ్చింది, దాన్ని తప్పించుకోబోయి బోల్కె పక్కకి తిప్పేసరికి బ్యోమె విమానం చక్రాలు ఆయన విమానం పై రెక్కకి రాసుకున్నాయి. పెద్ద దెబ్బేం కాదు. విమానం కాసేపు తేలుతూనే దిగింది, తర్వాత రెక్క ఊడిపోయింది. నేల తాకిన వేగం మరీ ఎక్కువేం కాదట, హెల్మెట్ లేదు, బెల్టు సరిగ్గా బిగించుకోలేదు. వయసు 25.

డెస్సావ్‌లోనే నేను డ్రైవింగ్ నేర్చుకున్నాను. మా డ్రైవింగ్ టీచర్ అరవై దాటిన పెద్దాయన, బెల్టు ‘క్లిక్’ మని వినిపిస్తే గానీ తాళం తిప్పనిచ్చేవాడు కాదు. ఒకసారి మాటల్లో ఆ సమాధి చూశానని చెప్పాను. ఆయన రోడ్డు మీంచి కళ్లు తిప్పకుండా, “ఆయన కూడా బెల్టు పెట్టుకోలేదు” అని, ఇండికేటర్ వెయ్యమన్నాడు.

బ్రిటిష్ వాళ్లు పూలదండ ఒకటి విమానంలోంచి జారవిడిచారు, డెస్సావ్‌లో అంత్యక్రియలు ఘనంగా జరిగాయి. రిష్టోఫెన్ తర్వాత 80 విమానాల దాకా కూల్చాడు, గురువుని మించిన శిష్యుడే. నాకు మాత్రం ఎక్కువ గుర్తొచ్చేది బ్యోమె. దళంలో పెద్దవాడు, అప్పటికి 37, తన చక్రం తగిలే తన నాయకుడు పోయాడు, అయినా ఇంకో ఏడాది ఎగిరి 1917 నవంబర్ 29న తనూ పోయాడు.

ఒక్క మాట, మరీ దేవుణ్ణి చేసెయ్యకండి. 40 అంటే 40 విమానాలు, ఒక్కోదాంట్లో ఒకరో ఇద్దరో మనుషులు. నాజీల కాలంలో ఒక బాంబర్ దళానికి ఆయన పేరే తగిలించారు, అది ఆయన అడిగింది కాదనుకోండి. ఇప్పుడు కొలోన్ దగ్గర నోర్వెనిష్‌లో ఉన్న యూరోఫైటర్ యుద్ధ విమానాల దళం పేరు కూడా బోల్కెనే.