ఏ నెల? దీవికి ఏ వైపు?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద: ఖరీదైన బీచ్ రిసార్టును ఎలా ఎంచుకోవాలి? దీవుల్లోని రిసార్టులకు రిజర్వేషన్లు చూసే ఉద్యోగం చాలాకాలం చేశాను. అతిథులు ఏ విషయంలో సంతోషపడతారో, ఎక్కడ నిరాశపడతారో దగ్గర నుంచి చూశాను. ఆ అనుభవంతోనే ఈ జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, జూలైలో మా పెళ్లిరోజుకు వారం రోజుల సెలవు దొరికింది. మాల్దీవులా, ఫుకెట్టా, బాలీయా అని ఇద్దరం రోజూ వాదించుకుంటున్నాం. మాల్దీవుల్లో ఒక రిసార్టు దాదాపు సగం ధరకే గది ఇస్తానంటోంది. తీసుకోవచ్చా?

జవాబు: ఆ ధర ఎందుకు తగ్గిందో ముందు చూడండి. మాల్దీవుల్లో సుమారు మే నుంచి అక్టోబరు దాకా నైరుతి రుతుపవనాల కాలం. అంటే రోజంతా వానే అని కాదు, చక్కగా ఎండ కాసే రోజులూ ఉంటాయి. కానీ గాలి పడమటి వైపు నుంచి గట్టిగా వీస్తుంది. ఆ వైపు ఉన్న విల్లాల ముందు సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. మీరు ఫొటోల్లో చూస్తున్న కదలిక లేని లేత నీలం నీళ్లు ఎక్కువగా జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలలవి. ఆ నీళ్ల కోసమే వెళ్లాలనుకుంటే జూలై వద్దు, ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు.

కానీ మీ ఇద్దరికీ స్నార్కెలింగ్, అంటే మాస్కు, గాలి గొట్టం పెట్టుకుని నీళ్ల పైన తేలుతూ కింది జీవులను చూడటం, ఇష్టమైతే నా జవాబు మారిపోతుంది. మాల్దీవుల్లోని బా అటోల్ (అటోల్ అంటే వలయంలా ఉండే పగడపు దీవుల గుంపు)లో హనిఫారు బే అనే చిన్న అఖాతం ఉంది. జూన్ నుంచి నవంబరు మధ్య ప్లవకాలు, అంటే నీళ్లలో తేలే అతి చిన్న జీవులు, అక్కడికి కొట్టుకొచ్చి పోగుపడతాయి. వాటిని తినడానికి మాంటా రేలు అనే, రెక్కలు చాచినట్టుండే పెద్ద చేపలు గుంపులుగా వస్తాయి. ఆ అటోల్‌ను 2011లో యునెస్కో జీవావరణ రిజర్వుగా గుర్తించింది. హనిఫారులో స్కూబా డైవింగ్‌కు అనుమతి లేదు, పైన తేలుతూ చూడాల్సిందే. ఆ దృశ్యం కోసం జూలైలో బా అటోల్‌కు వెళతామంటే నేను సంతోషంగా వెళ్లమంటాను. అప్పుడు మీరు వానాకాలాన్ని తెలిసే ఎంచుకున్నట్టు. ధర కూడా కలిసొస్తుంది.

ఫుకెట్ థాయ్‌లాండ్‌కు పడమటి వైపు, అండమాన్ సముద్రం మీద ఉంది. జూలైలో అక్కడా నైరుతి గాలులే. బీచ్‌ల మీద తరచూ ఎర్ర జెండాలు ఎగురుతుంటాయి. అదే దేశంలో అవతలి వైపు, థాయ్‌లాండ్ సింధుశాఖలో ఉన్న కో సముయికి జూలై మంచి నెల. దానికి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఒకే దేశంలో, కొద్దిసేపు విమానం ఎక్కితే చేరే దూరంలో, ఒకచోట నీళ్లలోకి దిగవద్దంటారు, ఇంకోచోట హాయిగా ఈదవచ్చు. అందుకే ‘థాయ్‌లాండ్‌కు ఎప్పుడు వెళ్లాలి’ అని ఎవరైనా అడిగితే ‘ఏ వైపుకు’ అని నేను తిరిగి అడుగుతాను.

బాలీకి ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా పొడి కాలం కాబట్టి జూలై బాగుంటుంది. జనం కూడా ఎక్కువే. అయితే బాలీ అంతా ఒకే సముద్రం కాదు. ఉలువాటు వైపు కొండ అంచున కట్టిన రిసార్టుల నుంచి కనిపించే దృశ్యం అద్భుతం. కానీ కింద ఉన్నవి సర్ఫింగ్ అలలు, నీళ్లలోకి దిగాలంటే చాలాచోట్ల మెట్లే మెట్లు. నుసా దువా వైపు పగడపు దిబ్బ అలలను దూరంగానే ఆపేస్తుంది, ఒడ్డున నీళ్లు నెమ్మదిగా ఉంటాయి. చూడటానికి సముద్రమా, దిగడానికి సముద్రమా? మీ ఇద్దరి వాదన తెగాల్సింది ఈ ప్రశ్న దగ్గర.

మారిషస్ కూడా మీ జాబితాలోకి రావచ్చు కాబట్టి ముందే చెబుతున్నాను. జూలై అక్కడ చలికాలం, సముద్రపు నీళ్లు 23 డిగ్రీల దగ్గర ఉంటాయి. ఆగ్నేయ గాలులు తూర్పు తీరాన్ని కొడుతుంటాయి. వెళితే పడమటి తీరంలో, ఫ్లిక్ ఆన్ ఫ్లాక్ వైపు ఉండండి. వెచ్చని నీళ్లే కావాలంటే ఈసారికి వదిలేయండి.

నా సలహా: మాంటాలు చూడాలని మనసుంటే బా అటోల్. లేదంటే కో సముయి.

ప్రశ్న: ఐదేళ్ల బాబు, మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారు, మేమిద్దరం. నీళ్ల మీద కట్టిన విల్లాలో ఉండాలని నాకు ఎప్పటి నుంచో కోరిక. ఏవైనా ఇబ్బందులుంటాయా?

జవాబు: మీ కోరిక నాకు అర్థమైంది. ఆ విల్లాలో పొద్దున్నే నేరుగా నీళ్లలోకి దిగడం నిజంగా మరచిపోలేని అనుభవం. అయినా ఈ ప్రయాణానికి మాత్రం వద్దనే చెబుతాను.

ఆ విల్లాల డెక్‌కు చాలాచోట్ల రెయిలింగ్ ఉండదు, దృశ్యానికి అడ్డం వస్తుందని. డెక్ అంచు నుంచి నిచ్చెన నేరుగా సముద్రంలోకి ఉంటుంది. ఐదేళ్ల పిల్లవాడు తలుపు తీసుకుని బయటికి రావడానికి ఎంతసేపు కావాలి? మీరు సెలవంతా తలుపు గొళ్లెం వంకే చూస్తూ గడపాలి. అందుకే కొన్ని రిసార్టులు నిర్ణీత వయసు లోపు పిల్లలను ఆ విల్లాల్లోకి అనుమతించవు, ఇంకొన్ని తల్లిదండ్రులతో ఒప్పంద పత్రం మీద సంతకం చేయించుకుంటాయి. పైగా ఆ విల్లాలు పొడవాటి చెక్క వంతెన చివర ఉంటాయి. రెస్టారెంటుకు వెళ్లిన ప్రతిసారీ అత్తగారు అంత దూరం నడవాలి, లేదా బగ్గీ కోసం ఎదురుచూడాలి.

బీచ్ విల్లా తీసుకోండి. గది ముందే ఇసుక, నాలుగు అడుగులు వేస్తే నీళ్లు. రెస్టారెంటుకు దగ్గరగా ఉన్న నంబరు కావాలని బుక్ చేసేటప్పుడే రాయండి. అత్తగారి మోకాళ్ల సంగతి దాచకుండా చెప్పండి. ఏ విల్లాకు మెట్లు లేవో, ఏ బాత్రూమ్‌లో టబ్ ఎక్కకుండా స్నానం చేయవచ్చో అక్కడి సిబ్బందికి బాగా తెలుసు. చెబితే చేస్తారు, చెప్పకపోతే ఆ రోజు ఖాళీగా ఉన్న గది ఇస్తారు.

మాల్దీవులకే వెళితే సీప్లేన్ (నీళ్ల మీద దిగే చిన్న విమానం) అవసరం లేని, మాలె విమానాశ్రయం నుంచి స్పీడ్‌బోటులో చేరే రిసార్టు చూసుకోండి. సీప్లేన్ ఎక్కాలంటే తేలియాడే జెట్టీ మీద నుంచి ఇరుకైన మెట్లు ఎక్కాలి. అవి పగటిపూట మాత్రమే ఎగురుతాయి. మీ విమానం మధ్యాహ్నం సుమారు మూడున్నర దాటాక దిగితే ఆ రాత్రి మాలె దగ్గరే హోటల్ తీసుకోవాల్సి రావచ్చు. సామాను పరిమితి కూడా తక్కువ, సాధారణంగా మనిషికి 20 కిలోలు, చేతి సంచి 5 కిలోలు. పసివాడితో, పెద్దావిడతో ఆ టెన్షన్ ఎందుకు?

బాబు కోసం ఇంకో మాట. రిసార్టు ముందు నీళ్ల లోతు ఎంతో, ఆటుపోట్లకు ఎంత మారుతుందో అడగండి. జాంజిబార్ తూర్పు తీరంలో, పాజె, జంబియానీ వైపు, పోటు తగ్గినప్పుడు సముద్రం చాలా దూరం వెనక్కి పోతుంది. పౌర్ణమికి, అమావాస్యకు మరీ ఎక్కువ. పిల్లలకు ఆ బురద ఇసుకలో పీతలు వెతుక్కోవడం సరదానే, కానీ ఈదాలనుకున్నవాళ్లు గంటల తరబడి ఎదురుచూడాలి. అదే దీవికి ఉత్తరపు కొసన ఉన్న నుంగ్వీలో ఈ తేడా అంతగా తెలియదు.

ప్రశ్న: ఒక రిసార్టు ధర రాత్రికి 1000 డాలర్లని చూపించి, డబ్బు కట్టే పేజీకి వచ్చేసరికి చాలా పెంచేసింది. ఇది మోసం కాదా? ‘ఆల్ ఇన్‌క్లూజివ్’ తీసుకుంటే ఈ గొడవ తప్పుతుందా?

జవాబు: ధర పక్కన రెండు ప్లస్ గుర్తులు కనిపించాయా? సర్వీస్ చార్జి, పన్ను అదనం అని వాటి అర్థం. మాల్దీవులనే ఉదాహరణగా తీసుకోండి. 1000 డాలర్ల మీద 10 శాతం సర్వీస్ చార్జి కలిపితే 1100. ఆ మొత్తం మీద పర్యాటక జీఎస్టీ. 2025 జూలై నుంచి అది 17 శాతం. అక్కడికి 1287 అయింది. ఆపైన గ్రీన్ ట్యాక్స్, రిసార్టుల్లో 2025 జనవరి నుంచి మనిషికి రోజుకు 12 డాలర్లు. ఇద్దరికి కలిపి రాత్రికి 1311. ఇంకా సీప్లేన్ చార్జీ ఇందులో లేదు, అది మనిషికి కొన్ని వందల డాలర్లుంటుంది. ఇదంతా చట్టప్రకారమే వసూలు చేస్తారు. కానీ మొదటి పేజీలోనే మొత్తం చెప్పని పద్ధతి నాకెప్పుడూ నచ్చలేదు. రెండు రిసార్టులను పోల్చేటప్పుడు చివరి పేజీలోని మొత్తాలనే పోల్చండి, రాకపోకల ఖర్చుతో సహా.

ఆల్ ఇన్‌క్లూజివ్, అంటే తిండి, పానీయాలు అన్నీ గది ధరలోనే కలిపిన పద్ధతి, మీకు కలిసొస్తుందా లేదా అనేది వెళ్లే చోటును బట్టి ఉంటుంది. ఒక దీవిలో ఒకటే రిసార్టు ఉంటే బయట తినడానికి ఏమీ దొరకదు. ప్రతి పూటా, ప్రతి మంచినీళ్ల సీసాకూ వాళ్లు చెప్పిందే ధర. అక్కడ కనీసం ఫుల్ బోర్డ్, అంటే మూడు పూటల భోజనం, ముందే కట్టేయడం తెలివైన పని. మద్యం తాగనివాళ్లకు అంతకు మించి అక్కర్లేదు, ఎందుకంటే ఆల్ ఇన్‌క్లూజివ్‌కు అదనంగా కట్టేది చాలావరకు బార్ కోసమే. బాలీ, సముయి లాంటి చోట్ల గేటు దాటితే ఊరుంది. అక్కడ ఉదయం టిఫిన్ ఒక్కటి ఉన్న ధర చాలు.

ప్రశ్న: ఆగస్టు చివర కరీబియన్‌కు వెళ్లాలనుకుంటున్నాం. తుఫానుల భయం ఉంది. నాచు కూడా కొట్టుకొస్తుందట?

జవాబు: రెండు భయాలూ నిజమైనవే. అట్లాంటిక్ హరికేన్ల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా. అందులో ఉధృతి ఎక్కువగా ఉండేది ఆగస్టు నుంచి అక్టోబరు దాకా. తేదీలు మార్చుకోలేకపోతే దక్షిణాన వెనిజులా తీరానికి దగ్గరగా ఉన్న అరూబా, కురసావ్ చూడండి. హరికేన్లు సాధారణంగా పోయే దారికి అవి పక్కగా ఉంటాయి. ఎక్కడికైనా ప్రయాణ బీమా టికెట్లతో పాటే తీసుకోండి. తుఫానుకు పేరు పెట్టాక కొన్న బీమా ఆ తుఫాను నష్టానికి వర్తించదు.

ఆ నాచు పేరు సర్గాసం. 2011 నుంచి పెద్ద మొత్తంలో కొట్టుకొస్తోంది. క్యాంకూన్, టులుమ్ లాంటి మెక్సికో తూర్పు తీరాల్లో వసంతం నుంచి వేసవి చివరి దాకా బెడద ఎక్కువ. ఒడ్డున కుళ్లితే కోడిగుడ్డు చెడిపోయిన వాసన వస్తుంది. ఎంత గొప్ప రిసార్టైనా ట్రాక్టర్లు పెట్టి ఎత్తించగలదు గానీ సముద్రాన్ని ఆపలేదు. ఇక్కడా చూడాల్సింది తీరం ఏ వైపు ఉందనే. కోజుమెల్ దీవి తూర్పు వైపు నాచు పేరుకుంటుంటే పడమటి వైపు చాలావరకు శుభ్రంగా ఉంటుంది.

ప్రశ్న: ఫొటోలను ఎంతవరకు నమ్మాలి?

జవాబు: రిసార్టు వెబ్‌సైట్‌లో ఉన్నవాటిని కాదు, మీరు వెళ్లే నెలలోనే అతిథులు తీసిన ఫొటోలను చూడండి. మాల్దీవుల్లో రుతుపవనాలు మారినప్పుడల్లా ఇసుక దీవికి ఒక వైపు నుంచి ఇంకో వైపుకు జరుగుతుంది. ఫిబ్రవరిలో వెడల్పాటి బీచ్ ఉన్న విల్లా ముందు ఆగస్టులో నీళ్లూ, ఇసుక సంచులూ మిగలవచ్చు. ఉపగ్రహ చిత్రంలో పక్క స్థలం కూడా చూడండి, అక్కడ క్రేన్లుంటే పొద్దున్నే శబ్దం మొదలవుతుంది. ‘ఓషన్ వ్యూ’ అంటే గదిలో ఎక్కడో ఒకచోట నిలబడితే సముద్రం కనిపిస్తుందని మాత్రమే, ‘ఓషన్ ఫ్రంట్’ అంటే ఎదురుగా సముద్రమే. ‘ఏడు నక్షత్రాలు’ అని రాసుకుంటే పట్టించుకోకండి, అలాంటి అధికారిక గుర్తింపు లేదు.

ప్రశ్న: నాకూ మా ఆయనకూ ఈత రాదు. ఖరీదైన రిసార్టు కదా, ప్రైవేట్ బీచ్‌లో భద్రత బాగానే ఉంటుందనుకోవచ్చా?

జవాబు: అనుకోవద్దు అమ్మా. ఈ జవాబు మాత్రం దయచేసి ఇద్దరూ కలిసి చదవండి. ఎన్నో ఖరీదైన రిసార్టుల్లో కొలను దగ్గర మనిషి ఉంటాడు గానీ సముద్రం దగ్గర లైఫ్‌గార్డు ఉండడు. ‘బీచ్ మీద లైఫ్‌గార్డు ఉంటారా, ఏ వేళల్లో?’ అని బుక్ చేసే ముందే ఈమెయిల్‌లో అడగండి. జవాబు డొంకతిరుగుడుగా వస్తే ఆ రిసార్టు వదిలేయండి.

ఒడ్డు నుంచి సముద్రం వైపు లాగే ప్రవాహాన్ని రిప్ కరెంట్ అంటారు. రెండు పక్కలా అలలు విరుగుతుంటే మధ్యలో అలలు లేకుండా ప్రశాంతంగా కనిపించే చోటు తరచుగా అదే. ఈత రానివాళ్లు ‘ఇక్కడ నెమ్మదిగా ఉంది’ అని సరిగ్గా అక్కడే దిగుతారు. చిక్కుకుంటే ఒడ్డు వైపు పెనుగులాడకూడదు. అలా చేస్తే ఒంట్లో శక్తి అయిపోతుంది. వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి పిలవాలి. ఈత వచ్చినవాళ్లు ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, ప్రవాహం దాటాక బయటికి రావాలి. పైన ఎరుపు, కింద పసుపు ఉన్న జెండాలు రెండు కనిపిస్తే వాటి మధ్యే ఉండండి, అది లైఫ్‌గార్డు చూస్తున్న చోటు. ఒక ఎర్ర జెండా అంటే ప్రమాదం ఎక్కువని, చాలా దేశాల్లో అసలు దిగకూడదనే అర్థం; రెండు ఎర్ర జెండాలంటే నీళ్లలోకి దిగకూడదని.

మీకు సరిపడేది పగడపు దిబ్బ లోపల, నడుము లోతు నీళ్లుండే లగూన్ ఉన్న రిసార్టు. స్నార్కెలింగ్‌కు తీసుకెళితే లైఫ్ జాకెట్ అడిగి వేసుకోండి, మొహమాటపడకండి. వీలైతే బయల్దేరేలోపు ఇద్దరూ ఏదైనా కొలనులో వెల్లకిలా తేలడం వరకైనా నేర్చుకోండి. ప్రయాణం ఎప్పుడో మీరు రాయలేదు. నెల, చోటు రాసి పంపితే వచ్చే సంచికలో పేర్లతో సహా చెబుతాను.