బిడ్డ పాలు, పెరుగు కూడా మానేసింది

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ చదువుతోంది. మాంసం, గుడ్లతో పాటు పాలు, పెరుగు, నెయ్యి కూడా మానేసి వీగన్ అయ్యానంటోంది. దసరాకు మటన్ వండితే గదిలోంచి బయటికే రాలేదు. 'తాతల నాటి తిండి వద్దనడం ప్రకృతికి విరుద్ధం' అని మా అత్తమ్మ గొడవ. మనిషి పళ్లు, పేగులు మాంసానికి పనికిరావని బిడ్డ వాదన. మధ్యలో నాకు టెన్షన్. ఈ తిండితో ఆరోగ్యం నిలుస్తుందా? ఆమె చెప్పేది న్యాయమేనా?
– ఓ తల్లి, హన్మకొండ

జవాబు: అమ్మా, ప్రకృతి పేరు చెప్పి ఇద్దరూ గెలవలేరు. మనిషి జాతి ఇరవై లక్షల ఏళ్లకు పైగా మాంసం తింటోంది. రాతి పనిముట్లతో కోసిన గాట్లున్న ఎముకలు అంత పాతవి దొరికాయి. కాబట్టి బిడ్డ పేగుల వాదన నిలవదు. ఇక పశువుల పాలు మనకు అలవాటై పది వేల ఏళ్లకు మించదు. చిన్నతనం దాటాక పాలలోని చక్కెరను అరిగించుకునే శక్తి ప్రపంచంలో ఎక్కువ మందికి తగ్గిపోతుంది కూడా. అత్తమ్మగారికి ఇది చెప్పండి.

ఆరోగ్యం విషయంలో నేను పట్టుబట్టేది బీ12 మాత్ర గురించే. బీ12 ఒక విటమిన్. దాన్ని తయారుచేసేది సూక్ష్మజీవులు, మొక్కల తిండిలో అది దాదాపు దొరకదు. అంబలి, స్పిరులినా చాలనే మాట నమ్మొద్దు. రోజుకు కావలసింది రెండు మైక్రోగ్రాములకు కాస్త పైన, అంతే. కాలేయంలో కొన్నేళ్లకు సరిపడా నిల్వ ఉంటుంది కనుక మొదట్లో ఏ తేడా తెలియదు. తర్వాత నీరసం, అరికాళ్లలో తిమ్మిర్లు, మతిమరుపు మొదలవుతాయి. ఆలస్యం చేస్తే నరాలకు జరిగిన నష్టం పూర్తిగా పూడదు. క్యాప్సూల్ పైపొర చాలావరకు జంతువుల జెలటిన్‌తో చేస్తారు, బిడ్డ ఒప్పుకోదు. గోలీ రూపంలో ఉన్నదే కొనండి.

బ్రిటన్‌లో వీగన్లకు ఎముకలు విరిగే ముప్పు ఎక్కువని ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2020లో తేల్చారు. దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. అయితే మనకు రాగులున్నాయి. వంద గ్రాముల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం, అంతే బరువు పాలలో ఉండేదానికి రెండింతల కంటే ఎక్కువ. నువ్వుల పొడి, పల్లీలు, బొబ్బర గుడాలు, ముద్దపప్పు రోజూ ఉండాలి. హాస్టల్లో పచ్చిపులుసు అన్నం, చిప్స్‌తో రోజు గడిపితే అదీ వీగన్ తిండే, కానీ ఒంటికి పట్టదు. తిన్న వెంటనే టీ తాగితే ఐరన్ సరిగా అందదు, నిమ్మకాయ పిండుకుంటే బాగా అందుతుంది.

ఇక న్యాయం. నేను పరకాల దగ్గరి పల్లెలో బర్రెల మధ్య పెరిగాను. ట్రాక్టర్లు వచ్చాక దున్నదూడ పుట్టిందంటే ఇంట్లో ఎవరికీ సంతోషం ఉండేది కాదు. దాన్ని వేరే గుంజకు కట్టేసేవాళ్లు. తల్లి పాలు కేంద్రానికి వెళ్లేవి, దూడ చిక్కిపోయేది, కొన్నాళ్లకు బేరగాడు తోలుకుపోయేవాడు. ఈనకుండా ఏ బర్రే పాలివ్వదు, ఈనినవాటిలో సగం మగదూడలే. మాంసం ముట్టని ఇళ్లలోని పెరుగు వెనుక కూడా ఆ దూడ ఉంది. నేను వీగన్‌ని కాను, అయినా మీ బిడ్డ ప్రశ్నకు నా దగ్గర ఎదురు జవాబు లేదు. ఏ4 కాగితమంత జాగా కూడా లేని పంజరంలో బతుకంతా గుడ్లు పెట్టే కోడి గురించి అడిగినా అంతే.

అయితే ఆమెకూ ఒక మాట చెప్పాలి. కోత అయిన చేలల్లో గొర్రెల మంద పెట్టి రైతుకు ఎరువిచ్చే కురుమాయన, పంజరాల కోళ్ల ఫారం ఒకటి కాదు. ఆరోగ్య లక్ష్మి కింద అంగన్‌వాడీలో గర్భిణికి ఇచ్చే గుడ్డు, పాలు ఆ తల్లికి ఆ రోజు దొరికిన మంచి తిండి. మాత్ర కొనుక్కోగల ఇంట్లో పుట్టిన పిల్ల తనకు పెట్టుకున్న నియమంతో వాళ్లను తూకం వేయకూడదు.

మీరు మాత్రం ఆమె పప్పులో తెలియకుండా నెయ్యి కలపకండి. అది తెలిసిన రోజున మీ చేతి వంట మీదే నమ్మకం పోతుంది. పల్లీ నూనె పోపుతో పప్పు, పుంటికూర చేసి పండుగ రోజున అందరితో పాటు కూర్చోబెట్టండి. మేడారంలో సమ్మక్క మొక్కు బెల్లంతోనూ తీరుతుందని అత్తమ్మగారికి గుర్తుచేయండి. ఈ నెలలోనే బీ12, విటమిన్ డి, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించి, ఆ రిపోర్టు చూపించి మాత్రల మోతాదు డాక్టర్‌నే రాయమనండి.