స్పియర్‌హెడ్ తరగతి ఓడ: జేహెచ్‌ఎస్‌వీ అనాలా, ఈపీఎఫ్ అనాలా?

మీరు అడిగింది ఇది: ఒకే ఓడను ఒకచోట జేహెచ్‌ఎస్‌వీ-1 అనీ, మరోచోట టి-ఈపీఎఫ్-1 అనీ రాశారు, రెండూ ఒకటేనా, పట్టికలో ఏది వేయాలి? రెండూ ఒకటే, అమెరికా నౌకాదళపు వేగవంతమైన రవాణా ఓడ స్పియర్‌హెడ్. ఇవాళ రాసే పట్టికలో ఈపీఎఫ్ (ఎక్స్‌పెడిషనరీ ఫాస్ట్ ట్రాన్స్‌పోర్ట్) వేయండి. గుర్తు మారింది 2015 సెప్టెంబరులో; అంతకు ముందటి సంఘటన గురించైతే అప్పటి పేరు ఒకసారి చెప్పి వదిలేయండి.

జేహెచ్‌ఎస్‌వీ అంటే జాయింట్ హై స్పీడ్ వెసెల్. సైన్యం, నౌకాదళం కలిసి తీసుకోవాలనుకున్నాయి కాబట్టి ‘జాయింట్’. 2008 నవంబరులో అలబామాలోని మొబైల్‌లో ఉన్న ఆస్టల్ యార్డుకు కాంట్రాక్టు ఇచ్చారు. 2011 మేలో సైన్యం తన వాటా ఓడల్ని నౌకాదళానికి అప్పగించేసింది. ‘జాయింట్’కు అక్కడితో అర్థం పోయినా, మాట మాత్రం ఇంకో నాలుగేళ్లు వేలాడింది. పేర్లూ ఆ తర్వాత మారాయి: విజిలెంట్ కాస్తా చోక్టా కౌంటీ అయింది, ఫోర్టిట్యూడ్ మిలినాకెట్ అయింది, రెజొల్యూట్ ట్రెంటన్ అయింది. మొదటి ఓడ స్పియర్‌హెడ్ పేరు ఒక్కటే నిలిచింది, తరగతికీ అదే పేరు. (చోక్టా కౌంటీ అప్పటి నౌకాదళ కార్యదర్శి రే మేబస్ పెరిగిన జిల్లా. పేరు పెట్టే అధికారం చేతిలో ఉంటే ఎవరైనా ఆ మాత్రం చేస్తారు.)

కొనుగోలు పథకాల పేర్లే ఓడల మీదా అతుక్కుపోతున్నాయి, ఓడ రకాన్ని అక్షరాలతో చెప్పే పాత పద్ధతిలో ఇమడటం లేదు అన్నది మేబస్ అభ్యంతరం. అందుకే 2015లో ‘ఈ’ అక్షరంతో, అంటే ఎక్స్‌పెడిషనరీ (దూరప్రాంతాల్లో పనిచేసే బలగాల కోసం) అన్న గుర్తుతో, కొత్త వరుస పెట్టారు. జేహెచ్‌ఎస్‌వీ ఈపీఎఫ్ అయింది, ఎంఎల్‌పీ (మొబైల్ లాండింగ్ ప్లాట్‌ఫాం) ఈఎస్‌డీ అయింది, ఏఎఫ్‌ఎస్‌బీ (అఫ్లోట్ ఫార్వర్డ్ స్టేజింగ్ బేస్) ఈఎస్‌బీ అయింది. పూర్తి పేరు ఎక్స్‌పెడిషనరీ ఫాస్ట్ ట్రాన్స్‌పోర్ట్ కదా అని చాలామంది ‘ఈఎఫ్‌టీ’ అని రాసేస్తారు. అది తప్పు. ఈ పద్ధతిలో రవాణా ఓడకు పాతకాలం నుంచీ ‘పీ’ అక్షరమే. ‘టి’ వేరే పనికి పోయింది: ముందు టి-, తర్వాత గీత ఉంటే ఆ ఓడను నౌకాదళపు రవాణా విభాగమైన మిలిటరీ సీలిఫ్ట్ కమాండ్ నడుపుతోందని అర్థం. అందులో పౌర నావికులు ఉంటారు, దాన్ని కమిషన్ చేయరు, పేరు ముందు యూఎస్‌ఎస్ కాకుండా యూఎస్‌ఎన్‌ఎస్ వస్తుంది. ‘యూఎస్‌ఎస్ స్పియర్‌హెడ్’ అని రాస్తే మూడూ ఒకేసారి తప్పుతాయి. సంఖ్య మాత్రం మారలేదు, 1 ఒకటిగానే ఉంది.

‘హై స్పీడ్’ అన్న మాటతో జాగ్రత్తగా ఉండాలి. రెండో ప్రపంచ యుద్ధంలో పాత డిస్ట్రాయర్ యుద్ధనౌకల బాయిలర్లలో కొన్ని తీసేసి, టార్పెడో గొట్టాలు పీకేసి, సైనికులకు చోటు చేసి, నాలుగు పడవలు వేలాడదీసి ఏపీడీ అన్నారు. దాని అధికారిక పేరు హై స్పీడ్ ట్రాన్స్‌పోర్టే. తర్వాత డిస్ట్రాయర్ ఎస్కార్ట్‌ల నుంచి మార్చినవి దాదాపు 23 నాట్లు (గంటకు 23 నాటికల్ మైళ్లు) వెళ్లేవి. ఇప్పుడు పౌర ఓడలకు వాడే అంతర్జాతీయ హెచ్‌ఎస్‌సీ (హై స్పీడ్ క్రాఫ్ట్) కోడ్ కొలత పెట్టి చూడండి. ఓడ తొలగించే నీటి ఘనపరిమాణాన్ని ఘనమీటర్లలో తీసుకుని, 0.1667 ఘాతానికి పెంచి, 3.7తో గుణిస్తే కావలసిన కనీస వేగం సెకనుకు మీటర్లలో వస్తుంది. స్పియర్‌హెడ్ సుమారు 2,360 టన్నులు, అంటే సముద్రపు నీటిలో దాదాపు 2,300 ఘనమీటర్లు. ఘాతం వేస్తే 3.63, గుణిస్తే 13.4, అంటే 26 నాట్లు. ఈ ఓడ 35 నాట్లు వెళ్తుంది కాబట్టి సునాయాసంగా దాటేసింది. అదే 2,000 టన్నుల ఏపీడీకి 25 నాట్లు పైన కావాలి, దాటదు. యుద్ధనౌకలకు ఆ కోడ్ వర్తించదు, కేవలం కొలబద్దగా వాడుకుంటున్నాం. ఏపీడీలో ‘హై స్పీడ్’ అంటే మామూలు రవాణా ఓడకంటే వేగం అని మాత్రమే.

ఆ 35 నాట్లు కూడా అలల మీద ఆధారపడ్డవే. సముద్రపు అలల ఉధృతిని చెప్పే కొలతలో సీ స్టేట్ 3 వరకే, అంటే అల 1.25 మీటర్ల లోపే పూర్తి వేగం. సీ స్టేట్ 4లో 15కు, 5లో 5 నాట్లకు తగ్గించాలి. ఇది 103 మీటర్ల అల్యూమినియం కాటమరాన్, అంటే పక్కపక్కనే రెండు హల్స్ (ఓడ అడుగు దేహాలు) ఉన్న ఓడ; ఆ రెండింటి మధ్య ముందు భాగాన్ని అలలు కింద నుంచి కొడతాయి. మొదటి ఓడల ముక్కు భాగానికి తర్వాత బలం చేర్చాల్సి వచ్చింది అందుకే.

పేర్ల దగ్గర మూడు చిక్కులు. సైన్యం 2002లో అద్దెకు తీసుకున్న, ఆస్ట్రేలియా సంస్థ ఇన్‌క్యాట్ కట్టిన ఓడ పేరూ స్పియర్‌హెడ్డే, దాని గుర్తు టీఎస్‌వీ-1ఎక్స్. హవాయి ఫెర్రీలుగా పుట్టిన రెండు ఓడలు హెచ్‌ఎస్‌టీ (హై స్పీడ్ ట్రాన్స్‌పోర్ట్) వరుసలోవి, ఈపీఎఫ్ కావు. వాటిలో ఒకదానికి కేటాయించిన ప్యూర్టో రికో పేరు తర్వాత టి-ఈపీఎఫ్-11కు వచ్చింది. ఇక పాత ట్రెంటన్ అనే సైనిక రవాణా యుద్ధనౌక గుర్తు ఎల్‌పీడీ-14, అది 2007లో మన ఐఎన్‌ఎస్ జలాశ్వ అయింది, టి-ఈపీఎఫ్-5తో కలపకండి. అందుకే ఎప్పుడూ పేరుతో పాటు అక్షరాలూ సంఖ్యా రాయాలి.

బెథెస్డా మొదలైన వైద్య ఓడలు ఇదే డిజైన్ నుంచి వచ్చినా టి-ఈఎంఎస్ (ఎక్స్‌పెడిషనరీ మెడికల్ షిప్) అని 1 నుంచి లెక్క మొదలుపెట్టాయి. వాటిని ఈ పట్టిక చివర తగిలించకుండా వేరే వరుసలో వేయండి.